తాళం చేసినవాడి బాధ్యత

టీవీ వెనకో అల్మరా మీదో చిన్న దీపాలతో మిణుకుమిణుకుమంటూ కూర్చునే రౌటర్, ఇంట్లోకి ఇంటర్నెట్ అడుగుపెట్టే గుమ్మం. ఆ గుమ్మంలోంచి దొంగలు పడ్డప్పుడల్లా తప్పు ఇంటివాళ్ల మీదికే వస్తుంది: పాస్‌వర్డ్ మార్చుకోలేదట, జాగ్రత్త పడలేదట. రౌటర్ల చరిత్రను వరసగా చూస్తే ఈ నిందలో నిజం కొంతే. తలుపు చాలాసార్లు తీసి ఉన్నట్టే అమ్ముడైంది. దాన్ని బిగించే ఉపాయం దొరికాక కూడా అది ఇంటిదాకా రాలేదు.

ఇందుకు గట్టి సాక్ష్యం 2014 డిసెంబరులో దొరికింది. చెక్ పాయింట్ పరిశోధకులు ఒక లోపాన్ని బయటపెట్టి ‘మిస్‌ఫార్చూన్ కుకీ’ అని పేరు పెట్టారు. రౌటర్ సెట్టింగుల పేజీని చూపించే రామ్‌పేజర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఉందది. ప్రత్యేకంగా అల్లిన కుకీ ఒకటి పంపితే రౌటర్ మెమరీ చెదిరిపోయి, పాస్‌వర్డ్ లేకుండానే పెత్తనం పరాయివాడి చేతికి వెళ్లేది. 189 దేశాల్లో కనీసం కోటీ 20 లక్షల పరికరాలకు ఈ ముప్పు ఉందని వాళ్లు లెక్కగట్టారు. అసలు బాధ కలిగించే సంగతి వేరే ఉంది. ఆ లోపం 2002 నాటిది. రామ్‌పేజర్ తయారుచేసిన అలెగ్రో సంస్థ 2005లోనే దాన్ని సరిచేసింది. అయినా చిప్‌లు చేసేవాళ్లు, రౌటర్ కంపెనీలు, వాటిని ఇళ్లకు పంచే ఇంటర్నెట్ సంస్థలు అనే పొడవాటి గొలుసులో పాత కోడే చేతులు మారుతూ వచ్చింది. మందు తయారై తొమ్మిదేళ్లయినా రోగికి అందలేదు.

వాడేవాళ్ల అలసత్వం లేదా అని అడగవచ్చు. ఉంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్, కంపెనీలు పెట్టి పంపిన 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. అలా చేజిక్కిన పరికరాల దండుతోనే అక్టోబరు 21న, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ సంస్థ మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి అందకుండా పోయాయి. మన దగ్గర 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ మోడెమ్‌లు మాల్వేర్ బారిన పడ్డప్పుడూ పాస్‌వర్డ్ మార్చుకోమన్నదే ఆ సంస్థ ఇచ్చిన సలహా. సలహా మంచిదే. కానీ లక్షల పెట్టెలకు ఒకే తాళంచెవి చేసినవాడిని వదిలేసి, ఆ చెవి మార్చుకోలేదని కొన్నవాడిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. పైగా పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఫలితం లేని సందర్భాలున్నాయి. వైఫై కలపడాన్ని సులువు చేద్దామని తెచ్చిన డబ్ల్యూపీఎస్‌లో ఎనిమిదంకెల పిన్ ఉంటుంది. మొదటి నాలుగంకెలు సరిపోయాయో లేదో రౌటరే విడిగా చెప్పేస్తుందని, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టేదేనని 2011లో తేలింది. అంటే 10,000 ప్రయత్నాలకు మరో 1,000 కలిపితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. దీనికి ఇంటివాళ్లు చేసిన పాపమేమిటి?

కంపెనీయే దూరం నుంచి రౌటర్లను సరిచేసే దారి పెడితే, ఆ దారే దొంగలకూ పనికొస్తుందన్నది మరో అభ్యంతరం. 2016 నవంబరు 27న జర్మనీలో డాయిష్ టెలికామ్ కస్టమర్లు దాదాపు 9 లక్షల మందికి కనెక్షన్ దెబ్బతిన్నది. దాడి జరిగింది అలాంటి నిర్వహణ కోసం తెరిచి ఉంచిన పోర్టు మీదనే. అయితే కంపెనీ వెంటనే అప్‌డేట్ విడుదల చేసి, రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమంది. అంతటితో చాలా ఇళ్లలో సమస్య తీరింది. కాబట్టి దారి ఉండాలి, కాపలాతో ఉండాలి.

బాధ్యత తయారుచేసినవాడిదీ అన్న ఈ పాఠం చట్టాల్లోకి ఎక్కడానికి కాలం పట్టింది. కాలిఫోర్నియా 2020 జనవరి 1 నుంచి ప్రతి పరికరానికీ వేరే పాస్‌వర్డ్ ఉండాలని, లేదా తొలిసారి వాడేటప్పుడే మార్పించాలని నిర్దేశించింది. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకటే అయిన పాస్‌వర్డ్‌లను నిషేధించి, ఎంతకాలం అప్‌డేట్లు ఇస్తారో ముందే చెప్పమంది. దీనివల్ల ధర కొంత పెరిగితే పెరగవచ్చు. ఆ ఖర్చు ఇన్నాళ్లూ లేకపోలేదు, దాడికి గురైనవాళ్లు భరించారు. చట్టం ఇంకా రాని చోట అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, డబ్ల్యూపీఎస్, బయటినుంచి సెట్టింగులు తెరిచే వీలు ఆపేయడం, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం, అప్‌డేట్లు ఆగిపోయిన పెట్టెను మార్చేయడం మన చేతుల్లో ఉన్న పనులు. వాటితోపాటు కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ రౌటర్‌లో రేపు లోపం బయటపడితే, దిద్దుబాటు మా ఇంటికి ఎవరు పంపిస్తారు, ఎన్నేళ్లపాటు?