విమానంలో బొంగరం: గాలితో తిప్పాలా, కరెంటుతో తిప్పాలా?

గేమ్ ఆడుతూ ఫోన్‌ని పక్కకి వంచితే స్క్రీన్ మీద గురి కూడా జరుగుతుంది కదా. ఎంత వంచారో చెప్పేది లోపలున్న చిన్న గైరో చిప్. విమానంలో ఈ పని ఎవరు చేసేవారు? దాన్ని గాలితో నడపాలా, కరెంటుతోనా? ఇవాళ ఆ కథ.

మన బషీర్‌బాగ్ నుంచి బేగంపేట పాత ఎయిర్‌పోర్టు ఎంతో దూరం లేదు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు అక్కడి నుంచే ఎగిరేవి. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ డకోటా పైలట్ ముందు, ప్యానెల్ లోపల, నిజంగానే బొంగరాలు తిరిగేవి. జోరుగా తిరిగే బొంగరం ఒరగదు కదా! విమానం వంగినా అది వంగదు. ఆ తేడాని బట్టే రెక్కలు సమంగా ఉన్నాయో లేదో తెలిసేది.

కిటికీలోంచి చూస్తే తెలీదా అంటారా? మబ్బులో తెలీదు. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు, పరికరాలు చూసి నడపడం రాని 20 మందిని పరీక్షించారు. బయట ఏమీ కనపడకపోతే 20 మందీ విమానం మీద పట్టు కోల్పోయారు. సగటున పట్టిన టైమ్ 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు! చెవి లోపలి బ్యాలెన్స్ "తిన్నగానే ఉన్నాం" అంటుంది, విమానమేమో సుడి తిరుగుతూ కిందికి పోతుంది.

మరి బొంగరాన్ని తిప్పేదెవరు? మొదట్లో విమానం బయట వెంచురీ అనే గొట్టం బిగించేవారు. ఎదురుగాలి దాంట్లోంచి దూసుకెళ్తూ పరికరం లోపలి గాలిని లాగేది, ఆ గాలి చక్రాన్ని తిప్పేది. వైరు లేదు, మోటార్ లేదు. కానీ మంచు పట్టిందా, అంతే సంగతులు. తర్వాత ఇంజిన్‌కే వ్యాక్యూమ్ పంపు తగిలించారు. ఆ తర్వాత నూనె అక్కర్లేని డ్రై పంపులు వచ్చాయి. వాటి లోపలి కార్బన్ పలకలు అరిగి అరిగి ఒకరోజు టక్కున విరుగుతాయి. అయినా బొంగరం వెంటనే ఆగదు. మెల్లగా నీరసపడుతూ మెల్లగా అబద్ధం చెబుతుంది. మబ్బులో ఉన్న పైలట్ దాన్నే నమ్ముతాడు. అసలు ప్రమాదం అదే.

అందుకే పాత సెస్నా 172 లాంటి వాటిలో ఒక తెలివైన ఏర్పాటు ఉండేది. హొరైజన్ పరికరం గాలితో, టర్న్ కోఆర్డినేటర్ కరెంటుతో. ఒకటి పోతే ఇంకొకటి కాపాడుతుంది.

2010లో ఐఫోన్ 4లో గైరో చిప్ వచ్చింది. ఆ జాతి చిప్‌లనే అమెరికాలో సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్లు అంతకుముందే ప్యానెల్‌లోకి ఎక్కించారు. ఫ్యాక్టరీ విమానాలకున్నంత కఠినమైన సర్టిఫికేషన్ వాళ్లకి లేదు మరి. 2016లో వాళ్లు వాడే డైనాన్ డీ10ఏ పరికరాన్ని కొన్ని ఫ్యాక్టరీ సెస్నాల్లోనూ పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. పంపు అక్కర్లేదు, బరువు తగ్గింది.

అయితే కరెంటు గెలిచినట్టేనా? ఆల్టర్నేటర్ పోయి బ్యాటరీ అయిపోతే స్క్రీన్లన్నీ ఒకేసారి నల్లబడతాయి. అందుకే తెలివైనవాళ్లు విడిగా ఇంకో బ్యాటరీ పెట్టుకుంటారు. గాలా, కరెంటా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది ఆగిపోతే, దీంతో సంబంధం లేకుండా పనిచేసేది ఇంకోటి ఉందా?

మీరైతే మీ విమానంలో ఏది పెడతారు? కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.