మరెమ్మ మైదానపు గుఱ్ఱపు కాపరులు

ఇటలీ దేశమున టస్కనీ సీమ దక్షిణపు కొసను, సముద్రమునకు అనతిదూరముననున్న గ్రొస్సేతో పట్టణమందు, పందొమ్మిదవ శతాబ్ది ముగియవచ్చు వఱకును ఒక విచిత్రాచారము శాసనబద్ధమై నడచుచుండెను. వేసవి ముదిరి, చుట్టునున్న చిత్తడినేలలనుండి దోమలు ముసురుకొను వేళకు, న్యాయాధిపతులు మొదలుకొని నకళ్ళు వ్రాయు గుమాస్తాల వఱకు సర్కారు ఉద్యోగులందఱును దస్తరములు మూటగట్టి బండ్లకెక్కించి, ముప్పది కిలోమీటర్ల యెగువనున్న స్కన్సానో అను కొండయూరికి తరలిపోయి, అక్కడనే కచేరీలు పెట్టుకొని, శరత్తు చల్లబడి జ్వరముల ఉద్ధృతి తగ్గిన పిమ్మటగాని దిగివచ్చెడివారు కారు. ఎస్తతాతూర యని పేరుగన్న యీ వలస 1897వ సంవత్సరమున రద్దయ్యెను. ఇది కొండ యెక్కగలిగినవారి సంగతి. కోతల కాలమున ఎగువ పల్లెలనుండి దిగివచ్చి కూలిచేసికొను నిరుపేదలును, మందలను విడిచి కదలరాని పశులకాపరులును ఆ మైదానముననే యుండిపోయిరి. బ్రతికినవారు బ్రతికిరి, పోయినవారు పోయిరి.

నేడు ఫ్లారెన్సులోని చిత్రశాలలను, సియెనాలోని ఆలయమును చూచి చూచి అలసిన మిత్రబృందములు, రెండుమూడు దినములు గుఱ్ఱములెక్కి దేవదారు జాతి వృక్షముల నీడలవెంట సముద్రపుటొడ్డు వఱకు సవారి చేసి, సాయంకాలము పల్లెటూరి భోజనశాలలో తీరికగా విందు గుడుచుటకు వచ్చుచున్నది ఈ మరెమ్మ ప్రాంతమునకే. వారికి ముందు నడచు గుఱ్ఱపు కాపరిని అచ్చట బుత్తెరో అందురు. వెడల్పు అంచుల టోపీ, తోలు కాలితొడుగులు, చేత పొడవైన కఱ్ఱ ధరించిన యతనిని చూచి యాత్రికులు ఛాయాపటములు తీసికొనుచుందురు. అతని వెనుక పూర్వమేదో వీరగాథ యున్నదని ఊహించుకొనుచుందురు. నా యభిప్రాయమున ఈ కాపరిని ఇన్ని శతాబ్దములు పోషించినది వీరమును కాదు, రాజాశ్రయమును కాదు, దోమ.

మరెమ్మ మొదటినుండియు మృత్యుభూమి కాదు. క్రీస్తునకు పూర్వము ఎట్రస్కనులను ప్రాచీనజాతివారు ఇచ్చట రొసెల్లె, వెతులోనియా మొదలగు నగరములు నిర్మించుకొని సంపన్నులై జీవించిరి. ఆ రెండు నగరముల నడుమ నాడు ప్రీలె అను విశాలజలాశయము సముద్రముతో కలిసియుండెను. ఒంబ్రోనె నది తెచ్చిపోసిన ఒండ్రుచేత కాలక్రమమున దాని ముఖము పూడుకొనిపోగా, ఉప్పునీరును మంచినీరును కలగలిసి కదలక నిలిచిన మడుగులు మిగిలినవి. రొసెల్లె క్షీణించెను, 1138లో అచ్చటి బిషప్పు పీఠమును గ్రొస్సేతోకు మార్చిరి. దాంతె మహాకవి నరకలోకమందలి ఆత్మహంతకుల వనమును వర్ణింపబూని, చెచీనా నదికిని కోర్నెతో పట్టణమునకును నడుమనున్న యీ కారడవులనే పోలికగా గ్రహించెనన్నచో, మరెమ్మ యన్న పేరు వినినంతనే ఆనాటివారి గుండెలెట్లు జల్లుమనెడివో ఊహింపవచ్చును. మనుష్యులకు పనికిరాని యీ నేల పశువులకు మాత్రము, అందును శీతకాలమున, పచ్చికకు పెట్టినది పేరు. అపెన్నైను పర్వతములను మంచు కప్పగానే గొఱ్ఱెలమందలు దిగివచ్చెడివి. సియెనా పాలకులు 1353లో పుల్లరి వసూలు చేయుటకై ఒక ప్రత్యేకశాఖనే నెలకొల్పిరి. ఆ నగరమున 1472లో పుట్టిన బ్యాంకునకు 1624లో టస్కనీ పాలకుడైన గ్రాండ్ డ్యూకు హామీగా చూపినది ఈ పుల్లరి రాబడినే. జ్వరభూమిలో మొలచిన గడ్డి ఇటలీలోని ధనాగారములలో ఒకదానికి పునాదిగా నిలిచినదన్నమాట.

గొఱ్ఱెలు వేసవికి మరలిపోవును, ఆవులు పోవు. నివాసయోగ్యము కాని నేల యగుటచేత అది కొలదిమంది ప్రభువుల చేతులలో పెద్ద పెద్ద జమీందారీలుగా నుండెను. సేద్యము స్వల్పము, ఇండ్లు అరుదు, పశువులు మాత్రము ఏడాది పొడుగునను అడవులలోను ఊబినేలలలోను యథేచ్ఛగా తిరుగుచు సగము అడవిమృగములై పెరిగెడివి. మన ఒంగోలు గిత్తను చూచిన కన్నులకు ఆ పశువుల బూడిదవన్నెయు ఠీవియు పరిచితములుగనే తోచును గాని, వానికి మూపురము లేదు. కొమ్ములు మాత్రము మూరెడుకు తక్కువగాక పైకి వంపుదిరిగి యుండును. అట్టి మందను కాలినడకను సమీపించుట ప్రాణముతో చెలగాటము. కావున గుఱ్ఱము తప్పనిసరియయ్యెను. గుఱ్ఱమును ఆ సీమదే, అందగత్తె కాకున్నను, బురదకును ముండ్లకును ఆకలికిని వెఱవనిది. బుత్తెరో ఎక్కు జీను, తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు కూర్చున్నను నడుము పట్టుకొననట్లు వెడల్పుగా కుట్టబడినది. పగ్గములు ఒక్క చేతనే పట్టును. రెండవచేతిలో ఉంచీనో అను కొక్కెపుకఱ్ఱ యుండును. గుఱ్ఱము దిగకయే దాని కొనతో దడితలుపు గడియను తప్పించి, తలుపును త్రోసి, మంద దాటిన పిమ్మట అదే కొక్కెముతో లాగి మూయును. త్రోవ తప్పిన దూడను మెడప్రక్క తాకి మరల్చును. వాన వచ్చినప్పుడు భుజములనుండి గుఱ్ఱపు పిఱుదుల వఱకు కప్పునట్టి పెద్ద అంగీ. వసంతమున ఏడాది నిండిన దూడలను దొడ్డిలోనికి మళ్ళించి, పడవేసి, కాల్చిన ఇనుముతో జమీందారీ ముద్రను వేయు దినము పల్లెలన్నిటికిని పండుగ. లివోర్నో పట్టణమువాడైన జొవాన్ని ఫత్తోరి అను చిత్రకారుడు ఈ దృశ్యములనే పలుమాఱు చిత్రించెను. ఆయన చిత్రములలో దుమ్మును చెమటయు కనబడునే గాని అలంకారము కనబడదు.

ఈ కాపరుల పేరు లోకమున వ్యాపించుటకు మాత్రము ఒక అమెరికాదేశపు సర్కసు కారణమైనది. బఫెలో బిల్ అను ప్రసిద్ధి గాంచిన విలియం కోడీ తన కౌబాయీలతో 1890లో రోమునకు వచ్చినప్పుడు, సెర్మొనేత డ్యూకు ఓనొరాతో కయెతానీ తన జమీందారీకి చెందిన బుత్తెరోలను పోటీకి దింపెను. ఆ యేడు మార్చి నెలలో జనసమూహము మధ్య, ఆ దేశపువారు ఈ దేశపు గుఱ్ఱములను, ఈ దేశపువారు ఆ దేశపు గుఱ్ఱములను లొంగదీయ యత్నించిరి. చిస్తెర్న గ్రామమునకు చెందిన అగుస్తో ఇంపెరియాలి నాటితో జనశ్రుతికెక్కెను. గెలిచినదెవరని యిటలీవారి నడిగినచో ఒక సమాధానము, అమెరికావారి నడిగినచో మఱియొకటి. చిస్తెర్న రోమునకు దక్షిణముననున్న పొంతీనా చిత్తడినేలలలోనిది. అదియు మలేరియా సీమయే యగుట గమనింపదగినది.

ఇక ఆ జ్వరము పోయిన కథ. తిన్నగా చెప్పుకొనదగిన కృషి లొరేన్ వంశజుడైన గ్రాండ్ డ్యూకు రెండవ లియొపోల్డుది. 1828లో అతడు ఆరంభించిన పద్ధతి మిక్కిలి సులభముగ కనబడును: వఱద వేళ ఒంబ్రోనె నదినుండి బురదనీటిని కాలువ గుండ మడుగులలోనికి మళ్ళించుట, ఒండ్రు అడుగున పేరుకొనిన పిదప తేటనీటిని సముద్రములోనికి వదలుట, మరుసటి వఱదకు మరల అదే. ఏ నది మడుగులను సృష్టించెనో ఆ నదిచేతనే వానిని పూడ్పించుట. ఏండ్లు పట్టెను, డబ్బు కరగిపోయెను, కూలీలెందఱో జ్వరముపాలైరి. అయినను ప్రజలు మఱచిపోలేదు. గ్రొస్సేతో నడిబొడ్డున 1846లో నిలిపిన విగ్రహమున డ్యూకు ఒక పామును కాలితో త్రొక్కుచు, ఒడిలో బిడ్డతో సొమ్మసిల్లిన స్త్రీని లేవనెత్తుచుండును. పాము మలేరియా, స్త్రీ మరెమ్మ. శిల్పముగా అది మరీ గొప్పదని నేననను గాని, పన్నులు వసూలు చేసిన ప్రభువునకు ప్రజలు కృతజ్ఞులై యుండుట అరుదు గనుక చూడదగినది.

అయితే పాము ఎక్కడ దాగియున్నదో డ్యూకునకు తెలియదు. గాలియే విషమని ఆనాటివారు నమ్మిరి. ఎస్తతాతూర రద్దయిన యేటనే, 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికిందరాబాదులో సైనికవైద్యుడైన రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. రెండును ఒకే సంవత్సరమున జరుగుట కాకతాళీయమే గాని, ఆ మరుసటి యేడు రోములో గ్రాస్సి అను శాస్త్రజ్ఞుడు మనుష్యుల మలేరియాను మోసికొనివచ్చునది అనాఫిలిస్ దోమయేనని నిరూపించుట, ఘనత యెవరిదని రాస్‌కును అతనికిని తీరని వైరము పెరుగుట కాకతాళీయములు కావు. 1900లో ఇటలీ ప్రభుత్వము క్వినైనాను తానే అమ్మింప శాసనము చేసెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము డి.డి.టి. వచ్చెను; 1970లో ఇటలీ మలేరియా లేని దేశముగా ప్రకటింపబడెను. నడుమ 1951లో భూసంస్కరణ మొదలై, జమీందారీలను చీల్చి కమతములుగా రైతు కుటుంబములకు పంచిరి. నేల ఆరోగ్యవంతమైన కొలది ట్రాక్టరు దున్నుకొనుచు వచ్చెను, ముండ్లకంచెలు లేచెను, గోధుమ పండెను. స్వేచ్ఛగా తిరుగు మందలు తగ్గిపోయెను, వానితోపాటు బుత్తెరోలకును పని లేకపోయెను. రోగము కుదురుట మంచిదే; కుదిరిన నేలపై గుఱ్ఱపు కాపరికి మాత్రము చోటు మిగులలేదు.

ఈ కాపరులును, అడవులలో బొగ్గుబట్టీలు కాల్చువారును తిన్న కూడు ఆక్వాకోత్త. ఉల్లిపాయలను నూనెలో మగ్గనిచ్చి, సెలెరీ కాడలును టమాటాలును చేర్చి, నీరు పోసి ఉడికించి, దొరికిన దినమున ఒక కోడిగ్రుడ్డును అందులోనే పగులగొట్టి వేసి, ఎండి గట్టిపడిన రొట్టెముక్కపై గరిటెతో పోసికొందురు. పైన గొఱ్ఱెపాల జున్ను కోరుదురు. టస్కనీ రొట్టెలో ఉప్పుండదు. ఆవకాయకు అలవాటుపడిన నాలుకకు మొదటి ముద్ద నిరాశ కలిగించినను, పులుసులో నానిన పిమ్మట ఆ చప్పదనము దోషముగా తోపదు. ఇంటిలో ఏమియు లేనప్పటి వంటకమిది. నేడు భోజనశాలల పట్టికలలో అడవిపంది మాంసపు వంటకముల సరసన స్థానము సంపాదించుకొనెను. దానికి తోడుగా త్రాగు మొరెల్లీనో ద్రాక్షాసవమును ఆ కొండయూరు స్కన్సానో పేరిటనే అమ్ముదురు. 1978లో దానికి ప్రభుత్వపు గుర్తింపు లభించెను.

ఇప్పుడు బుత్తెరోల వృత్తి నిజముగా నడచుచున్న చోట్లలో ముఖ్యమైనది, గ్రొస్సేతోకు దక్షిణముననున్న అల్బెరేసే క్షేత్రము. ఒకప్పుడు లొరేన్ ప్రభువులది, నేడు టస్కనీ ప్రభుత్వపుది. దానిలో చాలభాగము 1975లో ఏర్పడిన మరెమ్మ వనోద్యానమునందే యున్నది. వ్యవసాయదారులు తమ యిండ్లలో యాత్రికులకు బస యిచ్చుటను 1985 నాటి చట్టము ప్రోత్సహించిన పిమ్మట, గుఱ్ఱములు గల పొలములకు అతిథులు పెరిగిరి. వృత్తిని మేపునది మందలకంటె సవారి ముచ్చటగల యీ అతిథులే యన్నచో తప్పు లేదు. స్త్రీలును ఈ విద్య నేర్చుకొనుచున్నారు. ఎండ యెక్కక మునుపే కాపరులు బయలుదేరుదురు. వారి వెంట మందలోనికి పోవలెనన్నచో గుఱ్ఱమును దౌడు తీయించుట వచ్చియుండవలెను. రానివారికి వేఱు దారులు కలవు, సాధువులైన గుఱ్ఱములును కలవు.