ఆనాటి వీలునామా, ఆనాటి కూలి

దగ్గరికి జరిగి కూర్చోండర్రా, మంట ఇంకాసేపు ఉంటుంది. ఇవాళ డబ్బు కథ చెబుతాను.

మా చిన్నతనంలో రూపాయికి 16 అణాలు, అణాకి 12 దమ్మిడీలు. బేడ ఎంతో, పావలా ఎంతో బడికెళ్ళని పిల్లలకి కూడా తెలుసు. 1957లో నయాపైసలు వచ్చి ఆ లెక్కని నెట్టేశాయి. ఇంగ్లండు వాళ్ళదీ అలాంటి లెక్కే. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. వాళ్ళు 1971 దాకా దాన్ని వదల్లేదు.

ఆ దేశంలో తమ తాతముత్తాతల జాడ వెతుక్కునేవాళ్ళకి పాత వీలునామాలు పెద్ద ఆధారం. 1858కి ముందు వాటిని ఖాయం చేసినవి చర్చి కోర్టులు. అన్నిటికన్నా పెద్దది కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కోర్టు. 1611లో మన మచిలీపట్నంలో కోఠీ పెట్టారు చూడండి ఈస్టిండియా కంపెనీ వాళ్ళు, అలా సముద్రం దాటొచ్చి ఇక్కడ పోయినవాళ్ళకి ఇంగ్లండులో ఆస్తి ఉంటే, వాళ్ళ వీలునామాలూ ఆ కోర్టుకే చేరేవి. ఆ కాగితాలన్నీ ఇప్పుడు లండన్‌లో క్యూ అనే చోట, జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి.

షేక్స్‌పియర్ వీలునామా కూడా అక్కడే ఉంది. దానిమీద తేదీ 1616 మార్చి 25. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 23న ఆయన పోయాడు. తనతో నాటకాలాడిన ముగ్గురికి ఉంగరాలు కొనుక్కోమని తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు. ఊళ్ళో పేదలకి 10 పౌండ్లు. చెల్లెలు జోన్‌కి 20 పౌండ్లు, తన బట్టలు. ఉంటున్న ఇంట్లోనే ఏడాదికి 12 పెన్నీల అద్దెకి బతికినంతకాలం ఉండే హక్కు.

ఇంతేనా అనిపిస్తోంది కదూ? ఇప్పుడు ఆనాటి కూలి చూడండి. దక్షిణ ఇంగ్లండులో అప్పుడు కూలి మనిషికి రోజుకి సుమారు 8 పెన్నీలు, తాపీమేస్త్రీకి 12. అంటే ఆ ఉంగరం డబ్బు కూలివాడి 40 రోజుల కష్టం. పేదలకి ఇచ్చిన 10 పౌండ్లు 300 రోజుల కూలి. చెల్లెలికిచ్చిన 20 పౌండ్లు ఆ ఊరి బడి పంతులు ఏడాది జీతం. ఆమె కట్టాల్సిన ఏడాది అద్దె మేస్త్రీ ఒక్కరోజు సంపాదన. అన్న చెల్లెల్ని ఎంత కనిపెట్టుకుని ఉన్నాడో ఈ లెక్క కడితేగాని తెలియదు.

ఆనాటి వీలునామాల్లో ఇంకో వింత అంకె తగులుతుంది: 13 షిల్లింగుల 4 పెన్నీలు. దాన్ని మార్కు అనేవాళ్ళు. పౌండులో మూడింట రెండు వంతులు. ఇంగ్లండులో ఆ పేరుతో నాణెమే లేదు, లెక్కల్లోనే ఉండేది. షేక్స్‌పియర్ ఉంగరానికిచ్చింది సరిగ్గా 2 మార్కులు.

భార్యకి రెండో రకం మంచం రాశాడని లోకమంతా ఆయన్ని ఆడిపోసుకుంది. కానీ భర్త భూముల్లో మూడో వంతు మీద భార్యకి బతికున్నంతకాలం హక్కు ఉండటం అక్కడి పాత చట్టం. వీలునామాలో రాసేపని లేదు. పైగా ఆ రోజుల్లో మనిషి పోయాక ఇరుగుపొరుగు గదిగదికీ తిరిగి సామానుకి ధర కట్టేవాళ్ళు. ఆ జాబితాల్లో పరుపూ తెరలతో ఉన్న మంచం మంచి విలువైన సొత్తు. ఒక్క వాక్యం పట్టుకుని ఆ కాపురాన్ని తూచలేం.

తేదీలతోనూ జాగ్రత్త. 1752లో మార్చేదాకా వాళ్ళ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1620 డిసెంబరులో రాసిన వీలునామాని 1620 జనవరిలో ఖాయం చేశారని ఉంటే తప్పు కాదు. ఆ జనవరి డిసెంబరు తర్వాతే వచ్చింది.

ఇప్పుడు కంప్యూటరుని అడిగితే పాత పౌండు నేటి విలువ ఇట్టే చెబుతుంది. ధరలతో కొలిస్తే ఒక అంకె వస్తుంది, కూలితో కొలిస్తే దానికి ఎన్నో రెట్లు వస్తుంది. ఒక్క అంకె చూసి ఆగిపోకండి. ఆ కాలంలో ఆ డబ్బుకి ఎన్ని రోజులు చెమటోడ్చాలో ముందు తెలుసుకోండి. పోయినవాళ్ళు పిసినారులో, ధర్మాత్ములో ఆ తర్వాతే మాట్లాడండి.