పేదవాని కంచము



నేను నివసించు పద్మారావు నగరమునకు చేరువనే గాంధీ ఆసుపత్రి కలదు. పూర్వము ముషీరాబాదు చెఱసాల యున్న స్థలమునకు అది 2003వ సంవత్సరమున తరలివచ్చినది. ప్రాతఃకాలమున నేను నడకకు పోవునపుడు దూరగ్రామములనుండి వచ్చిన జనులు చీటికొఱకు వరుసలో నిలిచియుందురు. వారి చేతిసంచిలో ఒక దుప్పటి, ఒక గిన్నె. తఱచుగా వారు కూలిజనులు, చేనుచెలకలలో దినమెల్ల వంగి పనిచేయువారు. రోగము దైవాధీనమని మనము చెప్పుకొందుము. మంచిది. కాని ఆ దైవము ఊరిలో ఒక వాడను విడిచి మఱియొక వాడనే పదేపదే ఏల వెదకికొనుచున్నది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన సంస్థ యొకటి మా పేటకు తూర్పుగా, సీతాఫలమండి దాటిన పిమ్మట, తార్నాకలో కలదు. దానిపేరు జాతీయ పోషకాహార సంస్థ. దాని చరిత్రను మూడు వ్యాధుల కథగా మీకు విన్నవించెదను.

ఆ సంస్థ జన్మస్థానము మన ప్రాంతము కాదు. నీలగిరులలోని కూనూరులో 1918వ సంవత్సరమున రాబర్టు మెక్కారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో ఈ పరిశోధన నారంభించెను. ఆయన విచారించిన మొదటి వ్యాధి బెరిబెరి. కాళ్లు బరువెక్కి తిమ్మిరి పట్టుట, శరీరము నీరుపట్టుట, తుదకు గుండె బలహీనమై మరణము సంభవించుట దాని లక్షణములు. మన దేశమున అది ముఖ్యముగా వేళ్లూనిన ప్రాంతము ఏదని యనుకొందురు? ఉత్తర సర్కారులు, అనగా మన కోస్తా తెలుగు జిల్లాలే.

ఇట్లేల జరిగెనో వినుడు. వడ్లగింజ పైపొరలో, అనగా తవుడుగా రాలిపోవు భాగములో, బి-1 అను విటమిను కలదు. రోకటిపోటుతో దంచిన బియ్యమున అది కొంత మిగులును. మరలో పట్టి తెల్లగా మెఱుగుపెట్టిన బియ్యమున అది చాలవఱకు పోవును. పలుమాఱులు కడిగి, గంజి వార్చినచో మిగిలినదియు పోవును. వడ్లను ముందుగా ఉడికించి ఎండబెట్టి ఉప్పుడు బియ్యము చేసినయెడల ఆ విటమిను గింజలోనికి ఇంకి, మరపట్టినను కొంత నిలుచును. ఉప్పుడు బియ్యము తిను దక్షిణ ప్రాంతముల పేదలు ఈ వ్యాధిని చాలవఱకు తప్పించుకొనిరి. పచ్చిబియ్యమును మరపట్టించి తిను మన సర్కారులవారు దానికి చిక్కిరి. ఇంతకుముందే జపాను నౌకాదళములో టకాకి యను వైద్యుడు 1880ల నాటికే భోజనమును మార్చి బెరిబెరిని అణచియుండెను. జావాలో ఐక్‌మాన్ అను డచ్చి వైద్యుడు తెల్లబియ్యము తిన్న కోళ్లు అటువంటి వ్యాధికే లోనగుటను కనుగొనెను.

అయితే ఒక సందేహము. సంపన్నులును తెల్లని యన్నమునే భుజించిరి గదా, వారికి ఈ రోగము రాలేదేమి? వారి కంచములో అన్నముతోపాటు పప్పు, కూర, పెరుగు ఉండెను. అన్నము పోగొట్టిన దానిని పప్పు తెచ్చియిచ్చెను. కూలివాని కంచములో అన్నమే అన్నము, అన్నమే కూర. కావున రోగకారణము బియ్యమున సగము, లేమిలో సగము. కూనూరు పండితులు దంపుడు బియ్యమును, ఉప్పుడు బియ్యమును శ్లాఘించి పుస్తకములు వ్రాసిరి. 1935 మొదలు 1945 వఱకు ఆ సంస్థకు అధ్యక్షుడుగా నున్న ఎక్రాయిడ్ మన దేశపు ఆహారపదార్థముల గుణములను లెక్కగట్టి 1937లో ఒక పట్టికగ్రంథమును వెలువరించెను. అయినను మరలు ఊరూర వెలసెను, రోకళ్లు మూలబడెను. ఉపదేశము పుస్తకమందు నిలిచెను, బియ్యము మాత్రము తెల్లబడెను.

ఇక రెండవ వ్యాధి. 1958వ సంవత్సరమున ఆ సంస్థ కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చెను. ఇచటి వైద్యులు తెలంగాణపు జొన్నచేలలో పనిచేయు పేదలయందు పెల్లాగ్రా యను వ్యాధిని గమనించిరి. ఎండ తగులు చోట్ల, అనగా మెడచుట్టు, ముంజేతులమీద, పాదములమీద, చర్మము నల్లబడి పగులును, విరేచనములు కలుగును, మతి చలించును. ఈ వ్యాధి జొన్నరొట్టె, జొన్నసంకటి తప్ప వేఱు ఎఱుగనివారికి వచ్చుచుండెను. జొన్నలోని ల్యూసిన్ అను పదార్థము మిక్కుటమగుటచే దేహము ఒక విటమినును వినియోగించుకొనజాలకున్నదని గోపాలన్, శ్రీకాంతియా యను పండితులు 1960లో ప్రకటించిరి. ఆ కారణమును గూర్చి తరువాతి పండితులు ఇంకను చర్చించిరి. కాని జొన్నను నిందింపబోకుడు. అదే జొన్నను పాలతో, పప్పుతో, ఆకుకూరతో తిన్న రైతు దృఢకాయుడై యుండెను. ఒక్క ధాన్యముపైననే బ్రతుకు నిలుపుకొనవలసివచ్చుట దోషము.

అమెరికాలో ఇదే వ్యాధి మొక్కజొన్న తిను పేదలకు వచ్చినపుడు, అది అంటురోగమని పలువురు నమ్మిరి. గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు 1914లో అనాథాలయములను, పిచ్చి యాసుపత్రులను పరిశీలించి, లోపలివారికే ఈ రోగము వచ్చుచు, వారిని తాకి సేవించు పరిచారకులకు రాకుండుటను చూచెను. అంటురోగమైనచో పరిచారకుల నేల విడుచును? పిమ్మట దక్షిణ కరోలినాలోని నూలుమిల్లుల గ్రామములలో ఇంటింటి ఆదాయమును, తిండిని లెక్కించి, ఆదాయము తగ్గినకొలది రోగము హెచ్చుచున్నదని నిరూపించెను. రోగిని మాత్రమే గాక, రోగి జీతమును గూడ పరీక్షించుట ఆయన చూపిన మార్గము.

మన యొద్ద జొన్నపైననే ఆధారపడుట తగ్గినకొలది పెల్లాగ్రా అరుదైనది. 1983లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకు ఇచ్చు పథకమును ప్రవేశపెట్టెను. ఆకలిని బాపుటకై చేసిన యా పని పేదవాని కంచమును మార్చివేసెను. అయితే జొన్న తొలగినచోట మఱల తెల్లబియ్యము చేరెనని మనము మఱవరాదు.

మూడవది రేచీకటి. ఏ విటమిను లోపించుటచే బిడ్డలకు సందెచీకటిలో చూపు మందగించి, కంటి తెల్లగుడ్డుపై నురుగువంటి మచ్చలు లేచి, తుదకు నల్లగుడ్డు కరగి శాశ్వతాంధత్వము కలుగును. తార్నాక పండితులు హైదరాబాదు పరిసరగ్రామములలో పిల్లలకు ఈ విటమినును పెద్దమోతాదున ఒక్కమాఱు నోటిద్వారా ఇచ్చి, అది కాలేయమున నిలువయుండి నెలల తరబడి కాపాడుటను కనుగొనిరి. ఆ ఫలితముల నాధారముగ గొని 1970వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము, ఐదేండ్లలోపు పిల్లలకు ఆఱునెలలకొకమాఱు రెండు లక్షల యూనిట్ల మోతాదు నిచ్చు కార్యక్రమమును దేశమంతట ఆరంభించెను. పల్లెలోని పరిశోధన ఢిల్లీలో శాసనరూపము దాల్చుటకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు తెలియదు.

ఇచట నా యపరాధము నొకదానిని చెప్పవలెను. ఉపాధ్యాయుడనైన తొలినాళ్లలో నేను ఒక పల్లెలో సాయంకాలము పిల్లలకు పాఠము చెప్పుచుంటిని. కూలివాని కుమారుడొకడు పగటివేళ చక్కగా చదివి, దీపములు పెట్టు వేళకు బల్లలకు కొట్టుకొని, పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొనెడివాడు. అల్లరియని తలచి అతనిని పలుమాఱులు బయట నిలువబెట్టితిని. కొన్ని నెలలకు గాని, ఊరికి వచ్చిన ఆరోగ్యకార్యకర్త ఆ బాలుని కన్నులు తెఱచి చూచి అది రేచీకటియని చెప్పలేదు. మందు వేసిన కొలదిదినములకే ఆతడు దీపపు వెలుతురున చదువసాగెను. అమరకోశమును కంఠస్థము చేసిన నేను ఆ పసివాని కన్నును చదువనేఱనైతిని. కార్యక్రమము ఆరంభమై అప్పటికి పదియేండ్లు దాటినది. మందు పట్టణమున నుండెను. బాలుడు పల్లెలో నుండెను. నడుమ ఎవరును నడువలేదు. అదే బల్లపై కూర్చుండిన మోతుబరి బిడ్డకు రేచీకటి రాలేదు.

1962 మొదలు 1974 వఱకు ఆ సంస్థ నడిపిన గోపాలన్ మహాశయుడు మందుతో తృప్తిపడినవాడు కాడు. పెద్దమోతాదు తాత్కాలికోపాయమనియు, ఆకుకూరలు మొదలగు ఆహారమే శాశ్వతోపాయమనియు ఆయన జీవితాంతము వాదించెను. మఱియొక వాదమున సైతము ఆయన ప్రపంచమునకు ఎదురు నిలిచెను. పేదపిల్లలకు మాంసకృత్తులే లోపించినవనియు, వానిని పొడులరూపమున సరఫరా చేయవలెననియు ఆనాడు ప్రపంచపండితులు చెప్పుచుండిరి. హైదరాబాదు పండితులు పల్లెపిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన పదార్థము నిత్యము పెట్టిరి. అందు సుమారు 310 కాలరీలు ఉండగా, మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే యుండెను. అయినను ఆ పిల్లలు తక్కినవారికంటె ఎక్కువగా పెరిగిరి. 1973లో ఈ ఫలితము వెలువడెను. బిడ్డకు కావలసినది వింతపొడి కాదు, కడుపునిండ ఇంటితిండి యని దాని సారాంశము.

1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలే నేడు మీ గ్రామములలోని అంగన్‌వాడీలు. అచట బిడ్డను త్రాసులో తూచుట ఉబుసుపోక చేయు పని కాదు. బరువు అంకె రూపమున ప్రభుత్వముతో మాటలాడును. తూచని బిడ్డ లెక్కలో చేరదు. లెక్కలో చేరని బిడ్డకు పథకము లేదు.

ఇప్పటి లెక్క యేమనగా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మిక్కిలి పేదలైన ఐదవవంతు కుటుంబములలో ఐదేండ్లలోపు పిల్లలు నూటికి 46 మంది వయస్సుకు తగిన యెత్తు లేనివారు. మిక్కిలి సంపన్నులైన ఐదవవంతులో 23 మంది. సంపన్నుల యిండ్లలో నూటికి 23 మంది యుండుట తక్కువ విషయము కాదు. పేదల యిండ్లలో అది రెట్టింపగుట మనకు తలవంపు. తెలంగాణలో ఐదేండ్లలోపు పిల్లలయందు నూటికి 70 మందికి రక్తహీనత కలదని అదే సర్వే తెలిపెను.

గ్రామపెద్దలారా, మీరు పరిశోధనాలయములు కట్టనక్కఱలేదు. నెలకొకమాఱు అంగన్‌వాడీకి పోయి, ఏ వాడ బిడ్డలు తూచబడిరి, ఏ వాడ బిడ్డలు తూచబడలేదు అని అడుగుడు. రెండు వాడల అంకెలను ప్రక్కప్రక్కన వ్రాయించి గ్రామసభలో చదివింపుడు. ఒకవాడ బిడ్డలు తేలికగా నుండిరేని, అది ఆ తల్లుల నేరము కాదు. కూలి యెంత, భూమి యెంత, నీరెట్టిది అను ప్రశ్నలను అచటనే లేవనెత్తుడు. గోల్డ్‌బర్గర్ నూలుమిల్లుల గ్రామములలో చేసినది ఇంతకంటె మిక్కిలి భిన్నము కాదు.

రేపు ఉదయమున మా పేటలో నేను మఱల ఆ ద్వారముమీదుగా నడచెదను. ఆ వరుసలో మీ యూరివారు ఒక్కరు తగ్గినను, ఈ ప్రసంగము వ్యర్థము కాలేదని సంతసించెదను.