ఇండికేటర్ పరుగు: మోటారు నుంచి చిప్పు దాకా

కొత్త కార్ల వెనక ఇండికేటర్ లోపలి నుంచి బయటికి ఎట్లా పరుగెడుతుందని క్యాంపులో చాలామంది అడిగారు. ఎపిసోడ్‌లో టైం సరిపోలేదు, ఇక్కడ రాస్తున్నా.

ఇది ఆడి కారుతో వచ్చిందనుకుంటారు. కాదు. 1965లోనే అమెరికాలో ఫోర్డ్ థండర్‌బర్డ్‌కు ఉంది. అంతకు ముందు ఏడాదే పెడదామనుకుంటే అక్కడి రాష్ట్రాల లైటింగ్ రూల్స్ అడ్డొచ్చాయి. అప్పుడు కార్లకు ఎల్ఈడీలు ఎక్కడివి? ఒక్కో పక్క మూడు మామూలు బల్బులే. డిక్కీలో చిన్న మోటారు, దానికి గేర్లు, గేర్లతో నిదానంగా తిరిగే మూడు క్యామ్‌లు. క్యామ్ నొక్కినప్పుడల్లా ఒక స్విచ్ ఆన్. మొదటి బల్బు, దానికి తోడు రెండోది, ఆపైన మూడోది, తర్వాత అన్నీ ఒక్కసారే ఆరిపోతాయి.

మా ఊరి గణపతి మండపంలో లైటింగ్ ఆయన దగ్గర కూడా ఇదే ఉండేది. మోటారు తిప్పే డ్రమ్ము, దాని మీద రాగి పట్టీలు, రాసుకుపోయే బ్రష్షులు. చిటచిటమని నిప్పురవ్వలు. పిల్లలమంతా సీరియల్ సెట్లు వదిలేసి ఆ డ్రమ్మే చూసేవాళ్లం!

తిరిగేది ఏదైనా అరుగుతుంది, కాంటాక్టులు మాడతాయి. అందుకే ఫోర్డ్ వాళ్లు తర్వాతి కార్లలో మోటారు తీసేసి ట్రాన్సిస్టర్ల డబ్బా పెట్టారు. 1971లో హాన్స్ కామెంజిండ్ అనే ఇంజనీరు సిగ్నెటిక్స్ కంపెనీ కోసం 555 టైమర్ చిప్పు గీశాడు. అది గడియారంలా టిక్ టిక్ మని పల్సులు ఇస్తుంది. పక్కన 4017 అనే కౌంటర్ చిప్పు పెడితే, ఒక్కో పల్సుకు పది కాళ్లలో ఒక్కో కాలికి వరసగా కరెంటు వస్తుంది. మోటారు పని 555ది, క్యామ్ పని 4017ది. ఐటీఐ చదివినవాడికి ఇందులో కొత్త ఏముంది, చెప్పండి.

ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. 4017లో రెండోది వెలిగితే మొదటిది ఆరిపోతుంది. అలంకరణకు బాగుంటుంది, బండి ఇండికేటర్‌కు పనికిరాదు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన ప్రకారం వెలిగింది వెలిగే ఉండాలి, లోపలి నుంచి బయటికే పోవాలి, మొత్తం 200 మిల్లీసెకన్లలో నిండాలి. వెనకొచ్చే డ్రైవర్‌కు ఆలోచించుకునే టైం అంతకంటే ఇవ్వకూడదు మరి. అటూ ఇటూ ఊగే లైట్లు అమ్ముతారు, బైక్ ఇండికేటర్‌కు తగిలించకండి తమ్ముళ్లూ.

మా సైట్‌లో రాత్రి లేన్ మూసినప్పుడు పెట్టే యారో బోర్డుదీ ఇదే లెక్క. బాణం మొనలో నాలుగు లైట్లు పోతే డ్రైవర్‌కు ఎటు తిరగాలో తెలియదు, నేరుగా మనవాళ్ల మీదికే వస్తాడు. బోర్డు వెనక నిలబడేవాళ్లకు అది కనబడదు. అందుకే కోన్లు పరచకముందే నేను ముందుకు నడిచి, డ్రైవర్ చూసే వైపు నుంచి రెండు మూడు రౌండ్లు చూస్తా.