ప్రోగ్రాము చేయదగిన డిజిటల్ ప్యానెల్ మీటరు

విద్యుత్ నియంత్రణ పెట్టె (ప్యానెల్ బోర్డు) ముఖభాగంలో అమర్చబడి, వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రత, పీడనము, నీటిమట్టము వంటి రాశులను అంకెల రూపంలో చూపే ఎలక్ట్రానిక్ పరికరాన్ని డిజిటల్ ప్యానెల్ మీటరు అంటారు. ఏ సంకేతాన్ని స్వీకరించాలి, దానిని ఏ అంకెగా చూపాలి, ఏ అంకె వద్ద హెచ్చరిక ఇవ్వాలి అనే విషయాలను వినియోగదారుడే ముందున్న మీటల ద్వారా నిర్ణయించగలిగితే అది ప్రోగ్రాము చేయదగిన మీటరు అవుతుంది. ఇలా నిర్ణయించిన విలువలను ఇతరులు మార్చకుండా కాపాడే ఏర్పాటును లాకౌటు లేదా తాళం అంటారు. కృష్ణా డెల్టా దిగువ భాగంలోని రొయ్యల చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, రైసు మిల్లులలో ఈ మీటర్లు కనిపిస్తాయి. మీటరు కొనడంపై పెట్టే శ్రద్ధ దాని తాళంపై సాధారణంగా పెట్టరు. అందువలన ఈ వ్యాసంలో ఆ భాగాన్ని కొంత విపులంగా వివరించడం జరిగింది.

పనిచేసే విధానము

పాతకాలపు మీటరులో అయస్కాంత క్షేత్రంలో తిరిగే తీగచుట్ట సూచికను కదిలిస్తుంది. డిజిటల్ మీటరులో ఆ పనిని అనలాగు సంకేతాన్ని అంకెలుగా మార్చే ఒక సమాకలిత వలయము (ఐసీ) చేస్తుంది. ఎక్కువగా వాడిన పద్ధతి ద్వివాలు పద్ధతి. ఇందులో కొలవవలసిన వోల్టేజితో ఒక కెపాసిటరును నిర్ణీత కాలంపాటు నింపి, తరువాత తెలిసిన వోల్టేజితో దానిని ఖాళీ చేస్తారు. ఖాళీ కావడానికి పట్టిన కాలమే కొలత. నింపే కాలాన్ని 20 మిల్లీసెకన్లకు పూర్ణ గుణిజంగా ఎంచుకుంటే, మన 50 హెర్ట్జ్ విద్యుత్ సరఫరా వలన కలిగే అలజడి దానంతట అదే రద్దవుతుంది. ఇంటర్‌సిల్ సంస్థ రూపొందించిన 7106, 7107 ఐసీలు ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణలు. మొదటిది ద్రవస్ఫటిక తెరకు, రెండవది ఎల్ఈడీ అంకెలకు ఉద్దేశించినవి.

మూడున్నర అంకెల మీటరు అంటే 1999 వరకు చూపేది. మొదటి స్థానంలో 1 తప్ప మరే అంకె రాదు గనుక దానిని అర అంకెగా లెక్కిస్తారు. ప్రోగ్రాము చేయదగిన మీటర్లలో దీనికి తోడు ఒక మైక్రోకంట్రోలరు, విద్యుత్తు పోయినా విలువలను మరచిపోని జ్ఞాపకశక్తి చిప్పు ఉంటాయి. కరెంటు తరచు పోయి వచ్చే పల్లెలలో సెట్టింగులు చెదిరిపోకపోవడానికి ఈ చిప్పే కారణము. పెట్టెకు రంధ్రం చేసేటప్పుడు 96 × 96 మిల్లీమీటర్ల మీటరుకు 92 × 92, 48 × 96 మీటరుకు 45 × 92 మిల్లీమీటర్ల కొలత వాడుకలో ఉంది.

డెల్టాలో వాడకం

పులిగడ్డ వద్ద కృష్ణానది చీలడం వలన ఏర్పడిన దివిసీమలోను, బందరు చుట్టుపక్కల తీరంలోను రొయ్యల సాగు, గుడివాడ, నందివాడ ప్రాంతాలలో బొచ్చె, శీలావతి వంటి చేపల సాగు విస్తారంగా ఉన్నాయి. 2009లో మనదేశంలో వెనామీ రొయ్యకు అనుమతి లభించిన తరువాత ఏరియేటర్ల వాడకం బాగా పెరిగింది. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున అత్యల్పంగా ఉంటుంది. పగలు ప్రాణవాయువును ఇచ్చిన నీటి మొక్కలు, నాచు కూడా రాత్రి దానిని పీల్చుకోవడమే ఇందుకు కారణము. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే గంటల వ్యవధిలో పంట మొత్తం పోవచ్చు. ఆ ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చెప్పేవి గట్టుమీది పెట్టెలోని వోల్టు, ఆంపియరు మీటర్లే. నీటిలో ప్రాణవాయువును చాలామంది రైతులు చేతిలో పట్టుకొనే మీటరుతోనే చూసుకుంటారు.

మచిలీపట్నం సమీపాన గిలకలదిండి చేపల రేవు ఉంది. వేట సరుకు నిలవకు మంచు కావాలి. మంచు దిమ్మలు చేసే ఫ్యాక్టరీలో ఉప్పునీటి తొట్టి ఉష్ణోగ్రతను సున్నాకు చాలా దిగువన ఉంచాలి. అక్కడ మీటరుకు పీటీ100 అనే ప్లాటినం తీగ సంవేదకాన్ని కలుపుతారు. దాని నిరోధము 0 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 ఓములు, 100 డిగ్రీల వద్ద సుమారు 138.5 ఓములు ఉంటుంది. రైసు మిల్లులలో మోటారు కరెంటు, పవర్ ఫ్యాక్టరు, గరిష్ఠ డిమాండు చూసుకోవడానికి ఈ మీటర్లు వాడతారు. శాస్త్ర పరికరాలు బందరుకు కొత్త కాదు. 1926లో ఇక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో భాగమైంది.

ప్యానెల్ మీటరును, విద్యుత్ పంపిణీ సంస్థ బిగించే బిల్లింగు మీటరును ఒకటిగా భావించరాదు. బిల్లింగు మీటరుకు సీలు ఉంటుంది, దానిని వినియోగదారుడు ముట్టరాదు. ప్యానెల్ మీటరు వినియోగదారుని సొంతము. కనుక దాని తాళం బాధ్యత కూడా అతనిదే.

మీటలు, మెనూ

సాధారణంగా ముందు మూడు నుండి ఐదు మీటలు ఉంటాయి. ప్రోగ్రాము మీటను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే మెనూ తెరుచుకుంటుంది. పైబాణం, కిందిబాణం అంకెను మారుస్తాయి, ఎంటరు మీట దానిని భద్రపరుస్తుంది. కొంతసేపు ఏ మీటా నొక్కకపోతే చాలా మీటర్లు మామూలు స్థితికి వచ్చేస్తాయి. అప్పుడు భద్రపరచని మార్పు పోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏడు గీతల అంకెల తెరపై ఆంగ్ల అక్షరాలే సరిగా రావు, తెలుగు అక్షరాల సంగతి చెప్పనక్కరలేదు. ఎస్ అక్షరము 5 వలె, ఓ అక్షరము సున్నా వలె కనబడతాయి. కే, ఎం, డబ్ల్యూ వంటి అక్షరాలను ఏవో గుర్తులతో సరిపెడతారు. అందువలన ఒక్కొక్క గుర్తుకు తెలుగులో అర్థం, దానికి ఎదురుగా ప్రస్తుతం ఇచ్చిన విలువ రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పెట్టె తలుపు లోపలివైపు అంటించడం మంచిది. మీటరు పాడై కొత్తది బిగించవలసి వచ్చిన రాత్రి ఆ కాగితం విలువ తెలుస్తుంది.

అమరిక

అమరికలో మొదటి పని సంకేతం రకాన్ని ఎంచుకోవడం. తరువాతిది స్కేలింగు. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు (సీటీ) ద్వారా కొలిచేటప్పుడు దాని నిష్పత్తిని మీటరుకు చెప్పాలి. 50/5 సీటీ ఉండగా మీటరులో 100/5 అని ఇస్తే, 30 ఆంపియర్లు 60గా కనబడుతుంది. అంకె స్పష్టంగా వెలుగుతూ ఉంటుంది గనుక అది తప్పని ఎవరికీ తోచదు. ముల్లు మీటరును అనుమానించినట్లుగా అంకెల మీటరును మనము అనుమానించము. కనుక అమరిక పూర్తయిన తరువాత క్లాంప్ మీటరుతో ఒకసారి పోల్చి చూడడం తప్పనిసరి.

4-20 మిల్లీఆంపియర్ల సంకేతమైతే రెండు బిందువులు ఇవ్వాలి. నీటిలో ప్రాణవాయువును లీటరుకు 0 నుండి 20 మిల్లీగ్రాముల వరకు కొలిచే ట్రాన్స్‌మిటరు ఉన్నదనుకుందాము. 4 మిల్లీఆంపియర్లకు 0.0, 20 మిల్లీఆంపియర్లకు 20.0 అని ఇస్తే, 8 మిల్లీఆంపియర్లు వచ్చినప్పుడు (8 − 4) ÷ 16 × 20, అనగా 5.0 కనబడుతుంది. తీగ తెగి కరెంటు సున్నా అయితే ఇదే సూత్రం ప్రకారం −5.0 రావాలి. నీటిలో రుణ ప్రాణవాయువు ఉండదు గనుక అది తీగ తెగినదనడానికి గుర్తు.

తరువాత హెచ్చరిక బిందువులు. పది ఏరియేటర్లు ఒక్కొక్కటి సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటే మొత్తం 30 ఆంపియర్లు. ఒకటి ఆగితే 27కు పడుతుంది. అల్ప హెచ్చరికను 28 వద్ద పెట్టి, దానికి సైరనును కలిపితే ఒక్క మోటారు ఆగినా కాపలాదారు మేల్కొంటాడు. విలువ సరిగ్గా 28 దగ్గర ఊగుతుంటే రిలే టకటకలాడుతుంది. దానిని ఆపడానికి హిస్టెరిసిస్ ఉంది. హిస్టెరిసిస్ 1 అని ఇస్తే సైరను 28 కంటే తగ్గినప్పుడు మోగి, 29 దాటిన తరువాతనే ఆగుతుంది. వోల్టేజి మారితే కరెంటు కూడా కొంత మారుతుంది గనుక కొన్ని సెకన్ల ఆలస్యం కూడా ఇవ్వాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు మోటార్లన్నీ ఒకేసారి మొదలుకాకుండా వేర్వేరు రిలేలకు వేర్వేరు ఆలస్యాలు ఇచ్చే వీలున్న మీటర్లు ఉన్నాయి. మీటరులోని చిన్న రిలే మోటారును నేరుగా నడపజాలదు. అది కాంటాక్టరు తీగచుట్టను మాత్రమే నడపాలి.

సంవేదకం తెగినప్పుడు అంకె ఎటు పోతుందో ముందే తెలుసుకోవాలి. పీటీ100 తీగ తెగితే నిరోధం అనంతమై, అంకె పైకి పోతుంది, అధిక హెచ్చరిక మోగుతుంది. అదే ఉష్ణోగ్రతను 4-20 మిల్లీఆంపియర్ల ద్వారా తెస్తే, తీగ తెగినప్పుడు అంకె కిందికి పోతుంది. మంచు కరుగుతున్నా అధిక హెచ్చరిక మోగదు. ఈ తేడా వలన రెండు మీటర్లకు ఒకే అమరికను నకలు చేయరాదు.

తాళం

తాళాలు ప్రధానంగా రెండు విధాలు. ఒకటి సంకేతసంఖ్య (పాస్‌వర్డు), రెండవది మీటరు లోపల లేదా వెనుక ఉండే జంపరు, చిన్న స్విచ్చు, లేదా వెనుక టెర్మినలు. వెనుక టెర్మినలుకు తాళంచెవితో తిరిగే స్విచ్చును కలిపి, దానిని పెట్టె లోపల పెడితే, ఆ చెవి ఉన్నవారే మార్చగలరు.

సంకేతసంఖ్యపై అతిగా ఆధారపడరాదు. కర్మాగారం నుండి వచ్చేటప్పుడు ఉన్న సంఖ్య మాన్యువలులో అచ్చయి ఉంటుంది. మరచిపోయినవారి కోసం కొందరు తయారీదారులు సార్వత్రిక సంఖ్యను కూడా ఇస్తారు. మాన్యువలు ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. కనుక సంకేతసంఖ్య పొరపాటు చేతిని ఆపుతుంది గాని, పట్టుదల గల చేతిని ఆపదు. రెండవదానికి చెవి స్విచ్చే కావాలి.

తాళం అన్నింటికీ ఒకే మాదిరిగా ఉండనక్కరలేదు. రెడ్ లయన్ సంస్థ పాక్స్ వరుస మీటర్లలో హెచ్చరిక బిందువుల వంటి విలువలకు మూడు స్థితులు ఉన్నాయి: అసలు కనబడకుండా దాచడం, కనబడినా మార్చనివ్వకపోవడం, మార్చనివ్వడం. ఇతర సంస్థల మీటర్లలో పేర్లు వేరైనా ఉద్దేశము ఇదే. మీటలను విడివిడిగా తాళం వేసే వీలు కూడా ఉంటుంది.

ఏది మూయాలి, ఏది తెరిచి ఉంచాలి అన్నదే అసలు ప్రశ్న. సీటీ నిష్పత్తి, సంకేతం రకము, స్కేలింగు, ఎవరి చేతికీ అందరాదు. హెచ్చరిక బిందువు కనబడాలి, కాని మారరాదు. దీనికి కారణము రాత్రి కాపలా. మాటిమాటికీ మోగే సైరనుతో విసిగినవాడు 28ని 10 చేస్తే సైరను మరి మోగదు. ఆరు ఏరియేటర్లు ఆగినా మోగదు. అతనిని నిందించి ప్రయోజనం లేదు. అకారణంగా మోగుతున్నదంటే హిస్టెరిసిస్ గాని, ఆలస్యం గాని సరిగా ఇవ్వలేదన్నమాట. ముందు దానిని సరిచేసి, తరువాత తాళం వేయాలి.

సైరనును తాత్కాలికంగా ఆపే మీటను మాత్రం తెరిచే ఉంచాలి. దానిని కూడా మూస్తే కాపలాదారు సైరను తీగను పీకుతాడు, మరునాడు దానిని తిరిగి కలపాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. కనిష్ఠ, గరిష్ఠ విలువలను చూసే మీట తెరిచి ఉండాలి, వాటిని చెరిపే రీసెట్ మీట మూసి ఉండాలి. రాత్రి కనిష్ఠం 18 ఆంపియర్లు అని ఉదయం కనబడితే నాలుగు ఏరియేటర్లు ఆగాయని రైతుకు తెలుస్తుంది. రీసెట్ నొక్కివేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

ఆర్ఎస్-485 తీగద్వారా మోడ్‌బస్ పద్ధతిలో కంప్యూటరుకో, మొబైలు పరికరానికో కలిపిన మీటర్లలో మరొక దారి ఉంది. ముందు మీటలకు తాళం వేసినా, తీగద్వారా విలువలు మార్చే వీలు అనేక మీటర్లలో తెరిచే ఉంటుంది. దానికి వేరే తాళం ఉన్నదేమో మాన్యువలులో చూడాలి.

తాళం సంఖ్య ఒక్కరికే తెలియడం కూడా ప్రమాదమే. ఊళ్ళోని ఎలక్ట్రీషియనుకు తప్ప తెలియని సంఖ్య, అతను అందుబాటులో లేని రాత్రి శత్రువు వంటిది. సంఖ్యను కవరులో సీలుచేసి యజమాని ఇంట్లో ఉంచడం సులువైన ఉపాయము.

జాగ్రత్తలు

మీటల తాళం కరెంటును ఆపదు. పారిశ్రామిక భద్రతలో మరమ్మతుకు ముందు మెయిను స్విచ్చును ఆపి, దానికి నిజమైన తాళంకప్ప, హెచ్చరిక చీటీ తగిలించడాన్ని కూడా లాకౌటు అనే అంటారు. పేరు ఒకటే అయినా పనులు వేరు. మీటరు తాళం వేసి ఉంది కదా అని పెట్టె లోపల చేయి పెట్టరాదు.

మోటార్లు నడుస్తుండగా మీటరును విప్పవలసివస్తే, ముందుగా సీటీ రెండు కొసలను ఒకదానితో ఒకటి కలపాలి. సీటీ ద్వితీయ వలయము తెరుచుకుంటే ప్రాణాపాయమైన వోల్టేజి పుడుతుంది. మెయిను ఆపి విప్పడమే ఉత్తమము.

తీరప్రాంతపు ఉప్పుగాలికి టెర్మినల్ స్క్రూలు చిలుము పడతాయి. ముందు రబ్బరు పట్టీ సరిగా కూర్చోకపోతే తేమ మీటల వెనుకకు చేరి, ఎవరూ నొక్కకుండానే మీట నొక్కినట్లు మీటరు భావించవచ్చు. తాళం అటువంటి దొంగ నొక్కుల నుండి కూడా అమరికను కాపాడుతుంది. మీటరుకే సరఫరా పోయినప్పుడు కూడా హెచ్చరిక రావాలంటే, మామూలు స్థితిలో రిలే పట్టుకొని ఉండి హెచ్చరికలో విడిచిపెట్టే ఫెయిల్-సేఫ్ అమరికను ఎంచుకొని, సైరనును బ్యాటరీపై నడపాలి. అదే మెయినుపై నడిచే సైరను, మెయిను పోయిన రాత్రి మూగబోతుంది.