సాగరం దాటిన ఇంటర్నెట్‌కు చివరి వంద మీటర్లు: అండమాన్‌లో తీగల నెట్‌వర్క్ హబ్ అమరిక

చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు వేసిన సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న జాతికి అంకితం చేశారు. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవు, 1,224 కోట్ల రూపాయల అంచనా వ్యయం గల ఈ పథకానికి 2018 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో శంకుస్థాపన జరిగింది. భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ నిర్మాణ బాధ్యత వహించింది. ఇప్పుడు శ్రీ విజయపురంగా వ్యవహరిస్తున్న పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు ఈ కేబుల్ చేరింది.

అంతకుముందు దీవులు ప్రధానంగా ఉపగ్రహాలపైనే ఆధారపడేవి. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అందువల్ల ఒక అభ్యర్థన వెళ్లి జవాబు తిరిగి రావడానికే దాదాపు అర సెకను పట్టేది. కేబుల్ ఆ జాప్యాన్ని బాగా తగ్గించింది. అయితే తీరం చేరిన వేగం పాఠశాలలోని కంప్యూటర్‌కో, ఆరోగ్య కేంద్రంలోని వైద్యుని బల్లపైకో చేరాలంటే భవనంలోని తీగల అమరిక సక్రమంగా ఉండాలి.

హబ్, స్విచ్ ఒకటి కావు

అనేక కంప్యూటర్లను ఒకే నెట్‌వర్క్‌లో కలిపే పెట్టెను వాడుకలో హబ్ అంటారు. అసలైన హబ్ ఒక పోర్టులో అందిన సమాచారాన్ని మిగిలిన అన్ని పోర్టులకూ పంపుతుంది. వేగాన్ని అందరూ పంచుకోవలసిందే. ఇద్దరు ఒకేసారి పంపితే సంకేతాలు ఢీకొని మళ్లీ పంపవలసి వస్తుంది. స్విచ్ ఏ యంత్రం ఏ పోర్టులో ఉన్నదో గుర్తుంచుకుని, సమాచారాన్ని అక్కడికే పంపుతుంది. పాత హబ్‌లు సాధారణంగా సెకనుకు 10 లేదా 100 మెగాబిట్లకే పరిమితం. కొత్తగా అమర్చేవారు గిగాబిట్ స్విచ్ ఎంచుకోవడం మేలు.

అమరిక క్రమం

ఫైబర్ ముగిసే చోట ఉండే ఓఎన్‌టీ లేదా రౌటర్ నుంచి ఒక కేబుల్‌ను స్విచ్‌లోని ఒక పోర్టుకు కలపాలి. మిగిలిన పోర్టుల నుంచి ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో కేబుల్ వేయాలి. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 రాగి కేబుల్ పొడవు 100 మీటర్లు మించరాదు. అంతకన్నా దూరమైతే మధ్యలో మరో స్విచ్ పెట్టాలి, లేదా ఫైబర్ వేయాలి. వేర్వేరు భవనాల మధ్య రాగి తీగ వేస్తే పిడుగుపాటు ప్రమాదం ఉంటుంది. అక్కడ ఫైబరే సురక్షితం.

కేబుల్ కొసన ఆర్‌జే-45 కనెక్టర్ బిగించేటప్పుడు రెండు చివరలా ఒకే వరుస పాటించాలి. విస్తృతంగా వాడే టీ568బీ పద్ధతిలో ఆ వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. గిగాబిట్ వేగానికి నాలుగు జతల తీగలూ పనిచేయాలి. ఒక జత తెగితే తరచుగా వేగం 100 మెగాబిట్లకు పడిపోతుంది.

ఒకే కేబుల్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో పెట్టరాదు. సాధారణ స్విచ్‌లో అలా చేస్తే సమాచారం చుట్టూ తిరుగుతూ నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది. పాత రౌటర్‌ను స్విచ్‌గా వాడేవారు అందులో చిరునామాలు కేటాయించే డీహెచ్‌సీపీ సదుపాయాన్ని నిలిపివేసి, లాన్ పోర్టులనే ఉపయోగించాలి.

ఉప్పుగాలి, వాన, విద్యుత్తు

దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఉప్పు కలిసిన తేమ కనెక్టర్లలోని లోహపు స్పర్శలను తినివేస్తుంది. అందుచేత స్విచ్‌ను సముద్రంవైపు కిటికీకి దూరంగా, నేలకు ఎత్తుగా, గాలి ఆడే పెట్టెలో గోడకు బిగించాలి. బయటి కేబుల్‌కు ఎండవానలను తట్టుకునే పైపొర ఉండాలి. గోడలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి వంచి వదిలితే నీరు అక్కడే జారిపోతుంది. వాడని పోర్టులకు మూతలు పెట్టాలి.

దీవుల విద్యుత్తులో అధిక భాగం డీజిల్ జనరేటర్ల నుంచే లభిస్తుంది. ఓఎన్‌టీ, రౌటర్, స్విచ్ మూడింటినీ ఒకే యూపీఎస్‌కు కలపాలి. వాటిలో ఒక్కటి ఆగినా అనుసంధానం తెగుతుంది. ఎర్తింగ్ తప్పనిసరి.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడం

వేగం తగ్గినప్పుడు ముందు ఒక కంప్యూటర్‌ను నేరుగా రౌటర్‌కు కలిపి పరీక్షించాలి. అక్కడ వేగం సరిగా ఉంటే లోపం భవనంలోని స్విచ్‌లో లేదా కేబుల్‌లో ఉన్నట్లే. పోర్టు దీపం వెలగకపోతే కేబుల్‌ను మరో పోర్టుకు మార్చి చూడాలి. అప్పటికీ వెలగకపోతే కనెక్టర్‌ను కత్తిరించి కొత్తది బిగించాలి. నేరుగా కలిపినా వేగం తగ్గే ఉంటేనే సేవా సంస్థకు ఫిర్యాదు చేయాలి. మరమ్మతు సిబ్బంది ఓడలో రావలసిన మారుమూల దీవుల్లో ఈ చిన్న పరీక్ష రోజుల తరబడి నిరీక్షణను తప్పించగలదు. వర్షాకాలానికి ముందే అదనపు కనెక్టర్లు, క్రింపింగ్ పనిముట్టు, ఒక స్విచ్ సిద్ధంగా ఉంచుకోవడం పాఠశాలలకు, ఆరోగ్య కేంద్రాలకు శ్రేయస్కరం.